ఒక కన్ను సూర్యాపేట, ఒక కన్ను కోదాడ

సూర్యాపేటలో నా షాపుకు వచ్చేవాళ్లలో సగం మంది ఇంట్లో ఎవరైనా పోయాక వస్తారు. మిగతా సగం పెళ్లిళ్లకు, పుట్టినరోజులకు, లీడర్ల ఫ్లెక్సీలకు వస్తారు. ఎవరొచ్చినా అడిగేది ఒకటే మాట: "జర మంచిగ చెయ్యక్కా." బోర్డు మీద డిజిటల్ ఆర్టిస్ట్ అని రాయించుకున్నాను గానీ, బజార్లో అందరికీ నేను ఫొటోలు చేసే ఆమెనే. ఆ మాటా తప్పు కాదు. నేను ఫొటోలు తీయను, చేస్తాను.

పోయినవాళ్ల ఫొటో కావాలని వచ్చేవాళ్లు సరైన ఫొటో ఎప్పుడూ తేరు. ఎవరి పెళ్లిలోనో వెనక వరుసలో సగం కనిపించే తల తెస్తారు. ఆధార్ కార్డు మీది మసక ముఖం తెస్తారు. ఫోన్ నొక్కేసరికి కళ్లు మూసుకున్న ముఖం తెస్తారు. దాన్ని కంప్యూటర్లో పెద్దది చేసుకుని పెన్ టాబ్లెట్ మీద గీయడం మొదలుపెడతాను. టాబ్లెట్ అంటే బీపీ గోలీ అనుకుని మా అమ్మ చాలాకాలం "తిన్నంక ఏసుకుంటవా, తినకముందు ఏసుకుంటవా" అని అడిగేది. అది ఒక నల్ల పలక. సిరా లేని పెన్నుతో దాని మీద గీస్తే ఎదుట తెర మీద గీత పడుతుంది. చర్మానికి ఒక పొర, జుట్టుకు ఒక పొర, చీరకో చొక్కాకో ఒక పొర. పొరలన్నీ విడివిడిగా ఉంటాయి కాబట్టి ఒకటి చెడితే దాన్నొక్కదాన్నే తీసేసుకోవచ్చు. అన్నిటికంటే ముందు కళ్ల పొర తెరుస్తాను.

అది కోదాడలో అబ్బిన అలవాటు. డిగ్రీ అయ్యాక అక్కడ ఒక స్టూడియోలో పనికి కుదిరాను. మా మాస్టారు కృష్ణా నది అవతలి నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి. మాట మెత్తన, పని దగ్గర గట్టి. "కళ్లు కుదిరితే జనం ఇంకేం చూడరమ్మా. ముందు కళ్లు చెయ్యి, తర్వాత నీ ఇష్టం," అనేవారు. ఆయనే ఇంకో కిటుకు చెప్పారు. కళ్లు తిన్నగా ఎదురుగా చూస్తున్నట్టు వేస్తే, ఆ బొమ్మ గదిలో ఏ మూల నిలబడ్డవాళ్లనైనా చూస్తుంది. ఇంట్లో ప్రతి ఒక్కరూ మా నాన్న నన్నే చూస్తున్నాడు అనుకుంటారు. అందుకని పోయినవాళ్లకు తిన్నగా చూసే కళ్లే వేయాలి. ఎన్నో ఏళ్లు అలాగే వేశాను. ఎటో చూస్తున్న కళ్లను తిప్పాను, మూసుకున్న కళ్లను తెరిచాను. ఎవరూ వంక పెట్టలేదు.

ఇప్పుడు ఆ పని ఫోన్ చేస్తోంది. ఏఐ వచ్చాక నీ పని పోతదా అని అందరూ అడుగుతారు, అడిగేటప్పుడు కొంచెం సంబరంగానే అడుగుతారు. పని పోలేదు. పనిలో నా వంతు తగ్గింది. చాలామంది ఇంటి దగ్గరే ముఖం తయారు చేసుకుని ఫోన్లో తెస్తారు, ప్రింటు తీసి ఫ్రేము కట్టివ్వడం నా పని. ఒకసారి కోదాడ నుంచి ఒకాయన వాళ్లమ్మ ఫొటో అలాగే తెచ్చాడు. ఆమె చర్చి బడిలో టీచరుగా చేసి రిటైరైన మనిషి. ఫొటో చక్కగా ఉంది, ఫ్రేము కట్టాను. తీసుకెళ్లినవాడు మర్నాడే వెనక్కి తెచ్చాడు. ఫ్రేము చూసి వాళ్ల పిన్ని, "మా అక్క జన్మలో బొట్టు పెట్టుకోలేదు, ఎవరమ్మా ఈవిడ" అందట. చూస్తే నుదుటి మధ్య చిన్న ఎర్ర బొట్టు. ఆయనా చూడలేదు, నేనూ చూడలేదు. "చీర కట్టుకుంది కదా అని పెట్టేసిందండీ అది," అన్నాడు, ఎవరో చుట్టం చేసిన పొరపాటు చెప్పినట్టు. ఇద్దరం నవ్వుకున్నాం. బొట్టు తీసేసి మళ్లీ కట్టిచ్చాను.

పెన్‌పహాడ్ దిక్కు ముసలమ్మల గడ్డం మీద పచ్చబొట్టు ఉంటే ఏఐ దాన్ని మరకనుకుని తుడిచేస్తుంది. పొలం చేసిన మనిషి మెడ మీద ఎండ గీతలు తుడిచేస్తుంది. చెడ్డ బుద్ధితో కాదు, లక్షల ముఖాలు చూసి అందరికీ సరిపోయే ముఖం ఒకటి తయారు చేసుకుని, అందరినీ ఆ వైపుకు జరుపుతుంది. దానికి అందరూ తెలుసు, ఎవరూ తెలియదు. అలాగని నేను వాడనంటే అబద్ధం. వెనక పూలతోటలు, మబ్బులు, కోట్లు దానితోనే వేయిస్తాను. కోటు ఎవరిదైనా కోటే.

ఇక మా అక్క సంగతి. మాది పెన్‌పహాడ్ పక్కన ఒక ఊరు, మేమిద్దరమే ఆడపిల్లలం. అక్కకు పుట్టుకతో మెల్లకన్ను. ఒక కన్ను తిన్నగా చూసేది, ఇంకోటి కొంచెం బయటి పక్కకు జరిగి ఉండేది. మెల్లకన్ను అదృష్టమని పెద్దవాళ్లు అంటుంటారు, అది మెల్లకన్ను లేనివాళ్లు అనే మాట. బడిలో పిల్లలు అక్కను "ఒక కన్ను సూర్యాపేట, ఒక కన్ను కోదాడ" అని పిలిచేవాళ్లు. మా ఊరి నుంచి ఒకటి ఒక దిక్కు, ఒకటి ఇంకో దిక్కు. నేనూ కోపం వచ్చినప్పుడు అనేదాన్ని. అక్క మాత్రం ఆ కన్నుతోనే నన్ను ఉరిమి చూసేది, ఎటు చూస్తోందో తెలియక నాకు నవ్వొచ్చేది, దెబ్బలు పడేవి.

ఫొటో అంటే అక్కకు భయం. తల దించేది, లేకపోతే కళ్లు మూసేది. నేను పని నేర్చుకుని మొట్టమొదట చేసిన కళ్లు అక్కవే. పెళ్లి సంబంధాలకు పంపడానికి ఒక ఫొటో తీసి, కన్ను తిన్నగా జరిపి, ప్రింటు తెచ్చిచ్చాను. అక్క దాన్ని చేతిలో పట్టుకుని చాలాసేపు చూసింది. "గిట్ల ఉంటనా నేను?" అంది. అంత సంతోషం అక్క ముఖంలో అంతకుముందు చూడలేదు. మిర్యాలగూడ నుంచి పెళ్లిచూపులకు వచ్చినప్పుడు అక్క తల ఎత్తగానే అమ్మ లడ్డూల పళ్లెం గబుక్కున ముందుకు జరిపింది. పెళ్లికొడుకు ఫొటోనూ చూశాడు, మనిషినీ చూశాడు, ఇంకో లడ్డూ తీసుకున్నాడు. ఆయనే మా బావ, రైస్ మిల్లులో సూపర్‌వైజరు. పెళ్లయ్యాక నాతో, "ఫొటో చేసింది నువ్వేనట గదనే. జర నా ముక్కు గూడ తక్కువ చెయ్యి," అన్నాడు. అక్కను, "సూర్యాపేట, కోదాడ తప్ప ఏం సూడనిదానివి, రెండు కండ్లకు ఆనని ఊరికి వచ్చినవ్ గద," అని ఏడిపించేవాడు. అక్క నవ్వేది. బావ అంటే నవ్వేది, ఇంకెవరన్నా అంటే నవ్వేది కాదు.

ఆ తర్వాత అక్క ఫోన్ కొనుక్కుంది. తీసుకున్న ప్రతి ఫొటో ముందు నాకు వచ్చేది. "ఏమే, కన్ను సక్కగ చేసి పంపు, లేకుంటే స్టేటస్ పెట్ట," అనేది. అడిగిందే తడవుగా చేసి పంపేదాన్ని. పంపగానే పాతది ఫోన్లోంచి తీసేసేది, నన్నూ తీసేయమనేది. పెళ్లి ఆల్బమ్ అంతా నేనే కూర్చుని సరిచేశాను. ఇద్దరికీ అదొక ఆటలాగా ఉండేది.

పోయిన వానాకాలం అక్కకు జ్వరం వచ్చింది. మిర్యాలగూడలో చూపించారు, తగ్గకపోతే పెద్ద దవాఖానకు తీసుకుపోయారు. తగ్గలేదు. అక్కకు పిల్లలు లేరు. బావ ఒక్కడే వరండాలో నిలబడి ఉన్నాడు, నేను వెళ్లేసరికి అయిపోయింది.

నాకు ఏడుపు రాలేదు. అమ్మ గుండెలు బాదుకుంటోంది, చుట్టాలు పట్టుకుంటున్నారు, నేను గోడ వైపు చూస్తున్నాను. ఫ్రేము ఎక్కడ పెడతారు, మేకు ఉంది, దానికి క్యాలెండర్ ఉంది, క్యాలెండర్ తీయాలి అనుకుంటున్నాను. వాడపల్లిలో మూసీ కృష్ణలో కలిసేచోట అస్థికలు కలిపారు. ఆడవాళ్లం గట్టు మీద నిలబడ్డాం. ఒక పక్క నీళ్లు మట్టి రంగు, ఒక పక్క ఆకుపచ్చ, మధ్యలో రెండూ కలిసేచోట ఏ రంగు వేయాలి అని ఆలోచించాను. చేతికి మత్తుమందు ఇచ్చాక గిచ్చితే తెలుస్తుంది గానీ నొప్పి ఉండదు. ఒళ్లంతా అలా ఉంది.

దినాలకు ఫొటో కావాలి. ఎవరూ నన్ను అడగలేదు, నేనే చేస్తానని అందరికీ తెలుసు. షాపులో కూర్చుని పెన్ను పట్టుకుంటే చెయ్యి లేవలేదు. దుఃఖంతో కాదు, ఊరికే లేవలేదు. అందుకని పాత స్టేటస్ ఫొటో ఒకటి ఏఐకి ఇచ్చి, కొంచెం కళగా చెయ్యి అని రాశాను. టీ తాగేలోపు ఇచ్చింది. అక్క నవ్వుతోంది. కళ్లు రెండూ తిన్నగా, కలిసికట్టుగా, ఎదురుగా చూస్తున్నాయి. ప్రింటు తీశాను, ఫ్రేము కట్టాను, దండ కొలత కూడా నేనే చెప్పాను. దినం నాడు వచ్చినవాళ్లంతా మెచ్చుకున్నారు. "ఎంత కళగ ఉన్నది బిడ్డ. లక్ష్మి లెక్క ఉన్నది," అన్నారు. అమ్మ కొంగుతో అద్దం తుడిచి, "బతికినన్నొద్దులు ఆ కన్నుకే ఏడ్సింది. ఇప్పటికన్న సక్కగైంది," అంది. నాకేమీ అనిపించలేదు. పని బాగా వచ్చిందనిపించింది.

కొన్ని వారాలకు, మధ్యాహ్నం షాపు ఖాళీగా ఉన్నప్పుడు, బావ వచ్చాడు. సంచిలో ఆ ఫ్రేము ఉంది. మిర్యాలగూడ నుంచి బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు.

"అద్దం పగిలిందా బావా?" అన్నాను.

"పగల్లే." ఫ్రేము బల్ల మీద పెట్టాడు గానీ చూడలేదు. "జర దీని కన్ను ఎప్పటి లెక్క చెయ్యరాదే."

నాకు అర్థం కాలేదు. కన్ను బాగానే ఉంది కదా అన్నాను.

"బాగనే ఉన్నది. అదే పరేషాన్. ఈ ఫొటో అందర్ని సూస్తది. పాలోడొస్తే పాలోణ్ణి సూస్తది, కరెంటు బిల్లు ఆయనొస్తే ఆయన్ని సూస్తది. నేను ఇంట్ల ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. మీ అక్క గట్ల సూడకపోయేది. టీవీ సూస్తుంటే ఒక కన్ను టీవీ మీద ఉండేది, ఒక కన్ను నా మీద ఉండేది. ఆ కన్నుకు ఏం కనబడదని డాక్టర్ చెప్పిండు, నాకు తెల్సు. అయినా నా మీదనే ఉండేది," అన్నాడు.

అమ్మ ఏమంటుందో అన్నాను. అక్క కూడా ఒప్పుకోదన్నాను. బతికి ఉంటే ఈ పాటికి ఫోన్ చేసి తిట్టేదన్నాను.

"మీ అమ్మకు గీ ఫొటోనే ఇయ్యి. నాకు ఇంకోటి చెయ్యి. మీ అక్క తిడితే తిట్టనియ్యి," అన్నాడు.

సరేనని పాత ఫొటో కోసం వెతికాను. అప్పుడు తెలిసింది, నా దగ్గర ఒక్కటీ లేదు. కంప్యూటర్లో ఉన్నవన్నీ సరిచేసినవే. అక్క ఫోన్ బావ తెచ్చాడు, అందులోనూ అంతే. బడి ఫొటోలో తల దించుకుని ఉంది. ఆధార్ ఫొటోలో కళ్లు రెండు చుక్కలు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. ఇన్నేళ్లలో అక్క కన్ను ఉన్న ఫొటో ఒక్కటీ మిగల్లేదు.

ఏఐని అడిగాను. మెల్లకన్ను కావాలని తెలుగులో రాశాను, ఇంగ్లిష్‌లో రాశాను. తిన్నగా ఉన్న కళ్లే మళ్లీ ఇచ్చింది. ఇంకా గట్టిగా రాస్తే సర్కస్ జోకరులాగా రెండు కళ్లూ ముక్కు మీదికి తెచ్చింది. బావ ఆ బొమ్మ చూసి ముఖం పక్కకు తిప్పుకున్నాడు. చటుక్కున మూసేశాను. తప్పు దానిది కాదు. అక్క కన్ను అది ఎక్కడా చూడలేదు, చూసే వీలు మేమే ఉంచలేదు.

ఇక నేనే గీయాలి. పెన్ను తీసుకున్నాను, కళ్ల పొర తెరిచాను, అక్కడ ఆగిపోయాను. ఏ కన్ను? కుడిదా, ఎడమదా? సెల్ఫీలు అద్దంలోలాగా తిరగబడి వస్తాయి, పెళ్లి ఫొటోలు తిరగబడవు. ఒక్కోసారి ఒక్కో వైపు జరిపిన చెయ్యి నాది, దానికీ గుర్తు లేదు. ఒకే కంచంలో తిని, ఒకే దుప్పటి కింద పడుకున్న అక్క. అమ్మకు ఫోన్ చేస్తే కుడి అంది, వెంటనే, ఆగు, నా కుడినా, దాని కుడినా అంది. నాన్న వెనక నుంచి ఎడమ అన్నాడు. ఇద్దరూ వాదులాడుకుంటుంటే ఫోన్ పెట్టేశాను. అప్పుడు మాత్రం భయమేసింది. అక్క పోయినప్పుడు కూడా వేయని భయం. అక్క ముఖం నా దగ్గర లేదు.

"నీకు తెల్వదా బావా?" అన్నాను.

"కుడి, ఎడమ అంటే నేనేం చెప్పాలె. ఎన్నడన్న లెక్కవెట్టి సూసిన్నా." చేతులు చూసుకున్నాడు.

నాకు ఒక ఆలోచన వచ్చింది. నా కుర్చీని గోడకు దూరంగా లాగి, తెరకు వీపు పెట్టి, కాళ్లు మడిచి కూర్చున్నాను, అక్క టీవీ ముందు కూర్చున్నట్టు. "నేను అక్క అనుకో. ఎదురుగ టీవీ ఉన్నది. నువ్వు ఎప్పుడు కూసునే తాన కూసో," అన్నాను. చెప్పాక సిగ్గేసింది. ఏం పని ఇది అనుకున్నాను. బావ మాత్రం ఆలోచించలేదు. స్టూలు తీసుకుని, నా వెనక నుంచి తిరిగి వచ్చి, నా కుడి పక్కన వేసుకుని కూర్చున్నాడు. అలవాటైన మనిషి కూర్చున్నట్టు కూర్చున్నాడు, చెయ్యి పక్కన పెట్టుకుని, పల్లీల గిన్నె అక్కడే ఉన్నట్టు.

"గిటు దిక్కా?"

"గిటే. పెండ్లయిన కాంచి గిటే. ఇంకో దిక్కు కూసుంటే మీ అక్క నన్ను సూడనట్టే ఉండేది."

బయటి వైపు జరిగిన కన్ను ఆయన మీద ఉండాలంటే అది కుడి కన్ను. కుర్చీ తిప్పి తెర వైపు కూర్చున్నాను. బొమ్మలో మనకు ఎదురుగా ఉన్న మనిషి కుడి కన్ను మనకు ఎడమ పక్కన ఉంటుంది. నల్లగుడ్డును తీసి వేరే పొర మీద పెట్టాను. కొంచెం కొంచెంగా పక్కకు జరిపాను. ఎంత జరపాలో ఎవరూ చెప్పలేదు. బియ్యపు గింజంత జరిగేసరికి చెయ్యి అదే ఆగింది. కన్నులో తెలుపు ముక్కు వైపు పెరిగింది. వెలుగు చుక్క జరిపాను. పై రెప్ప ఒక వెంట్రుకవాసి దించాను, దాని సంగతి నాకే గుర్తు లేదు, గీశాక గుర్తొచ్చింది. ఆ నవ్వు ఏఐది, అక్కది కాదు, అదీ తగ్గించాను. అక్క పెదవులు మూసుకుని నవ్వేది.

పెన్ను కింద పెట్టి, "వచ్చిందా బావా?" అన్నాను.

బావ లేచాడు. నేను తెర వైపు తిరగడంతో ఇప్పుడు నాకు ఎడమ పక్కన ఉన్న స్టూలును ముందుకు లాగి, తెరలో ఆ కన్ను చూస్తున్న వైపు వేసుకుని కూర్చున్నాడు. చెయ్యి మళ్లీ పక్కన పెట్టుకున్నాడు. "ఆఁ," అన్నాడు. "ఇగ సూస్తున్నది."

ప్రింటు ఆరాక ఫ్రేములో పాత దాని స్థానంలో పెట్టిచ్చాను. తిన్నగా చూసే ఫొటోను అమ్మ కోసం కాగితంలో చుట్టి పక్కన పెట్టాను. బావ నీళ్లు తాగి, బస్సు టైమయిందని ఫ్రేము చంకలో పెట్టుకుని వెళ్లాడు.

తెర మీద అక్క అలాగే ఉంది. స్టూలు ఎడమ పక్కనే ఉంది. ఎవరూ రావడం లేదని చూసుకుని నేను వెళ్లి ఆ స్టూలు మీద కూర్చున్నాను. "ఏమే, సక్కగ చెయ్యమంటే గిట్ల చేస్తివేందే" అని అక్క అన్నట్టే అనిపించింది. లేచి షట్టర్ సగానికి దించి వచ్చి మళ్లీ కూర్చున్నాను. అప్పుడు ఏడ్చాను.